బోర్డు కనపడలేదా?

డల్లాస్ పక్కన మా ఇంటి కాలింగ్ బెల్ కిందే 'నో సొలిసిటింగ్' బోర్డు ఉంది, అంటే అమ్మకాలకు తలుపు తట్టొద్దని. నిన్న సాయంత్రం ఒకతను ఆ బోర్డు మీద మోచెయ్యి ఆనించి మరీ బెల్ నొక్కాడు. అప్పుడే కన్నంటుకున్న పసివాడు ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు. వడగళ్ల వాన పడితే చాలు, ఇంటి పైకప్పు బాగుచేస్తామంటూ రూఫ్ వాళ్లు వరస కడతారు. మిగతా రోజుల్లో సోలార్, పురుగుల మందు అమ్మేవాళ్లు. మా సిటీలో ఇంటింటికీ తిరిగి అమ్మాలంటే పర్మిట్ ఉండాలి. నిన్నటి అతన్ని చూపించమంటే "కార్లో ఉంది" అన్నాడు! మతం, రాజకీయం చెప్పడానికి వచ్చేవాళ్లకు పర్మిట్ అక్కర్లేదని 2002లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. సరే, అది మాట్లాడే హక్కు. సరుకు అమ్మేవాడి సంగతి వేరు కదా? ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య మొహమాటపడి సంతకం పెట్టేస్తుందేమోనని నాకు రోజూ టెన్షన్. ఇంటికొచ్చి అమ్మినవి చాలావరకు మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు, నిజమే. కానీ వద్దని రాసిపెట్టిన గుమ్మంలో అసలు ఆ బెల్ ఎందుకు నొక్కాలి?