కంటపడిన స్ట్రా, కనపడని వల

జనవరి నెలాఖరున ఒక తెల్లవారుజామున భీమిలి తీరంలో నడుస్తుంటే ఇసుక మీద చచ్చిన తాబేలు కనిపించింది. మెడ ఉబ్బిపోయింది, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. డిప్ప మీద దెబ్బ లేదు, ఒంటి మీద కోత లేదు. చుట్టూ నలుగురైదుగురు కుర్రాళ్లు ఫొటోలు తీస్తున్నారు. ‘పాపం, ప్లాస్టిక్ మింగేసి ఉంటుంది’ అన్నాడొకడు. కాస్త అవతల వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి, ‘పలాస్టిక్కు కాదు బాబూ, వల్లో పడి ఊపిరాడక సచ్చిపోనాది’ అని మళ్లీ దారం అందుకున్నాడు.

నీళ్లలో బతికేదానికి ఊపిరాడకపోవడమేమిటని ఆ కుర్రాళ్లకు అనుమానం వచ్చింది. చాలామందికి వస్తుంది. తాబేలుకు చేపలా మొప్పలుండవు, మనలాగే ఊపిరితిత్తులుంటాయి. మధ్యమధ్య పైకి తేలి గాలి పీల్చుకోవాల్సిందే. మరబోటు లాగే ట్రాల్ వల పెద్ద సంచిలా ఉంటుంది. గంటల తరబడి సముద్రం అడుగును ఊడ్చుకుంటూ పోతుంది. అందులో చిక్కిన తాబేలు గాలికోసం కొట్టుకుని కొట్టుకుని చస్తుంది. వల పైకి తీశాక దాన్ని నీళ్లలోకి విసిరేస్తారు. అలలు ఒడ్డుకు చేరుస్తాయి.

ఆ తాబేలు ఆలివ్ రిడ్లే జాతిది. 2015లో కోస్టారికా దగ్గర పరిశోధకులు ఒక తాబేలు ముక్కులోంచి ప్లాస్టిక్ స్ట్రా లాగిన వీడియో గుర్తుందా? నెత్తురు కారుతూ అది విలవిల్లాడుతుంటే లోకమంతా కన్నీరు పెట్టుకుంది. అదీ ఈ జాతిదే. ఆ వీడియో ఊపు చిన్నది కాదు. 2018లో సియాటిల్ నగరం స్ట్రాలను నిషేధించింది. స్టార్‌బక్స్ కాఫీ సంస్థ వాటిని మానేస్తానంది. ఐరోపా సమాఖ్య 2019లో చట్టం తెచ్చింది. మన దేశంలోనూ 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధమే. మంచి పనే, కాదనను. కానీ సముద్రంలో కలిసే ప్లాస్టిక్‌లో స్ట్రాల వాటా నూటికి ఒక వంతు కూడా లేదు. అదే జాతి తాబేళ్లను ఏటా మన కళ్లముందే చంపుతున్న వల గురించి మాత్రం ఆ స్థాయిలో ఎవరికీ కోపం రాలేదు.

ఎందుకు రాలేదన్నదే నా బాధ. సముద్రం విషయంలో మన స్పందన ఒడ్డున మొదలై ఒడ్డునే ఆగిపోతోంది. కంటికి కనిపించే చెత్త మీద కోపమొస్తుంది, సంచి పట్టుకుని ఏరేస్తాం, మనసు తేలికపడుతుంది. అసలు జబ్బు కంటికి కనపడదు. మనం భూమ్మీద పోగేసిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. మనం వదిలే కార్బన్ డై ఆక్సైడ్‌లో దాదాపు పాతిక శాతం దానిలోకే పోయి, నీటిలో ఆమ్లగుణాన్ని పెంచుతోంది. 2023 నుంచి ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 80 శాతానికి పైగా, రంగు కోల్పోయి తెల్లబారేంత వేడికి గురయ్యాయి, మన లక్షదీవులతో సహా. 1974లో శక్తికి మించి పట్టేస్తున్న చేపల నిల్వలు పదో వంతు ఉండేవి, ఇప్పుడవి మూడో వంతు దాటాయి. తాబేలుకు ఈ వేడి ఇంకో రకంగానూ శత్రువే. ఇసుకలో పెట్టిన గుడ్లలోంచి మగపిల్ల వస్తుందా ఆడపిల్ల వస్తుందా అన్నది ఆ ఇసుక వేడే తేలుస్తుంది. వేడి పెరిగితే దాదాపు అన్నీ ఆడవే పుడతాయి.

వేడిని తగ్గించడం ఒక్క తరం వల్ల అయ్యే పని కాదు. వల సంగతి అలా కాదు. దానికి మందుంది, చాలాకాలంగా ఉంది. వల గొట్టంలో ఏటవాలుగా కమ్మీల చట్రం బిగిస్తారు. రొయ్యలు, చేపలు సందుల్లోంచి లోపలికి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న తలుపులోంచి బయటపడుతుంది. టెడ్ అంటారు దీన్ని. అమెరికా తన రొయ్యల బోట్లకు దీన్ని తప్పనిసరి చేసింది. మెక్సికో తీరంలో గుడ్లకూ కాపలా పెట్టారు. ఆలివ్ రిడ్లేకు దగ్గరి చుట్టమైన కెంప్స్ రిడ్లే 1985లో 702 గూళ్లకు పడిపోయింది. ఈ శతాబ్దంలో ఆ లెక్క 20 వేలు దాటింది. మన కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపడే టెడ్‌ను ఎప్పుడో తయారుచేసింది. వాడకం మాత్రం దాదాపు లేదు. అందుకే సముద్రంలో వలతో పట్టిన మన రొయ్యను కొనడం 2019లో అమెరికా ఆపేసింది.

బోటువాళ్లను తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ తలుపులోంచి చేపలు కూడా జారిపోతాయని వాళ్ల భయం. డీజిలు ఖర్చు, కూలీల బత్తా లెక్క వేసుకునేవాడికి ఆ భయం నిజమే. అందుకని టెడ్‌లు ఉచితంగా ఇచ్చి, మొదటి రెండు మూడు సీజన్లలో తగ్గిన వేటకు ప్రభుత్వమే డబ్బు కట్టాలి. వేట నిషేధకాలంలో భృతి ఇవ్వగలిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

రెండోది చట్టం. 1994 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ మత్స్యకారులది, మరబోట్లు అక్కడ వేటాడకూడదు. గుడ్లు పెట్టడానికి వచ్చే తల్లి తాబేళ్లు తిరిగేదీ ఆ నీళ్లలోనే. అంటే తెప్ప మీద పోయే జాలరి బతుకునూ తాబేలు ప్రాణాన్నీ కాపాడాల్సింది ఒకే గీత. మరబోటు ఆ గీత దాటిన రోజున ఇద్దరూ నష్టపోతారు. ఇక ఏప్రిల్ 15న మొదలయ్యే 61 రోజుల వేట నిషేధం చేపలకు మేలే, కానీ జనవరి, మార్చి మధ్య వచ్చిన తల్లి తాబేళ్లకు అందదు. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధమ్రా నదుల మొగల దగ్గర నవంబరు నుంచి మే దాకా వేట ఆపుతారు. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్యకే సుమారు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. అదే ఏడు జనవరిలో కాకినాడ తీరంలో కళేబరాలు కొట్టుకొస్తే ఉప ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. విష్ణువును కూర్మ రూపంలో కొలిచే శ్రీకూర్మం ఉన్న తీరం మనది. ఇక్కడ తాబేలు కోసం ఉండాల్సింది ఒక్కసారి వేసే విచారణ కాదు, ఏటా జరిగే కాపలా.

కాపలాకు సాధనాలు లేవనడానికీ వీల్లేదు. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు బిగించే పథకం 2024లో మొదలైంది. ఏ బోటు ఎక్కడుందో అవి చెబుతాయి. ఇకమీదట చచ్చిన తాబేలు ఫొటో పెట్టేవాళ్లు ఏడుపు బొమ్మ పక్కన ఒక ప్రశ్న కూడా పెట్టాలి: ఆ వారంలో ఈ తీరానికి 8 కిలోమీటర్ల లోపల ఏ ఏ మరబోట్లు తిరిగాయి?

ఆ ఉదయం పారిశుధ్య కార్మికులు ఇద్దరొచ్చి గొయ్యి తీసి తాబేలును పూడ్చారు. ‘ఇలా కొట్టుకొస్తే ఎవరికైనా చెబుతారా తాతా?’ అని ముసలాయన్ను అడిగాను. ‘ఇన్నాళ్లలో ఎవులూ వచ్చి అడగనేదు బాబూ’ అన్నాడు.