మహారాజశ్రీ ఇసిసి83 వాల్వు గారికి

మహారాజశ్రీ ఇసిసి83 వాల్వు గారి దివ్య సముఖానికి, తిరుపతి కొర్లగుంట నుంచి ఒక ఆంప్లిఫయర్ యజమాని నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం, నా బ్యాంకు ఖాతా తప్ప.

మీరంటే నీళ్ళ పైపు వాల్వు కాదు, ఆంప్లిఫయర్‌లో కూర్చుని సన్నటి పాటని పెంచే గాజు గొట్టం. తలనొప్పి మీ పేరు దగ్గరే మొదలైంది. యూరప్‌లో మీరు ఇసిసి83, అమెరికాలో 12ఏఎక్స్7. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు. మొదటి పేరులో ‘ఇ’ అంటే మీ హీటరుకు 6.3 వోల్టులు చాలని. రెండో పేరులో 12 అంటే 12.6 వోల్టులు కావాలని. ఏది నిజమంటే రెండూ నిజమే. మీ కడుపులో హీటరు రెండు ముక్కలు, తొమ్మిదో పిన్ను ఆ రెంటి నడుమకి కలిసి ఉంటుంది. ఎలా కలిపితే అలా నడుస్తారు. ఇది తెలియక రెండు పేర్లతో రెండు కొన్నాను. పెట్టెలు విప్పాక అర్థమైంది, ఒకే మనిషిని రెండుసార్లు పెళ్ళి చేసుకున్నానని.

స్విచ్ వేయగానే మీరు పలకరు. హీటరు ఎర్రబడాలి, కాథోడ్ కాగాలి, అప్పుడుగానీ గొంతు విప్పరు. దానికి నాకేం బాధలేదు. కంపార్ట్‌మెంట్ తలుపు ఎప్పుడు తెరుస్తారా అని గంటలకొద్దీ కూర్చోవడం తెలిసిన ఊరు మాది.

నా గొడవంతా మీ వంశం గురించి. మా శ్రీవారి లడ్డూకి 2009లో జిఐ ట్యాగ్ వచ్చింది. అదే శనగపిండి, అదే జీడిపప్పు వేసి మా వీధి చివర స్వీటు కొట్టాయన చేసినా దాన్ని తిరుపతి లడ్డు అని అమ్మకూడదు. మీ సంగతో? ముల్లార్డ్ అంటే ఒకప్పుడు ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ. ఇప్పుడు కొత్త పెట్టె మీద అదే పేరుంటుంది, లోపలి సరుకు రష్యాలో సరాతోవ్‌ది. ఆ పేరు ఒక అమెరికా కంపెనీ కొనుక్కుంది. టుంగ్‌సోల్ అన్న పాత అమెరికా పేరుదీ ఇదే కథ, అదే ఫ్యాక్టరీ. మీరు చేసిందేమీ చట్టవిరుద్ధం కాదు లెండి. కానీ మా లడ్డుకున్న పాటి పరువు కూడా మీకు లేదే అని దిగులేసింది. ఆ సరాతోవ్ సరుకు కూడా 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేస్తోందన్న వార్తతో ఒక్కసారిగా కొండెక్కింది. మా వాళ్ళు కొండెక్కితే గుండయినా కొట్టించుకుని దిగి వస్తారు. మీ ధర మాత్రం దిగిరాలేదు.

స్లొవేకియాలో తయారయ్యే జేజే వాల్వులున్నాయి కదా, కొత్తవి, గట్టివి, వాటితో సరిపెట్టుకోవచ్చుగా అని మా ఆవిడ అంది. తనకి వాల్వుల గురించి తెలిసింది అంతే, అయినా అదే సరైన సలహా. నేను వినలేదు. పాత ముల్లార్డ్‌లో గాత్రం వెచ్చగా ఉంటుందని ఎక్కడో చదివాను. ఆ వెచ్చదనం ఏమిటో తర్వాత తెలిసింది. ఒక స్వరం లోపలికి పోతే దానికి రెట్టింపు పౌనఃపున్యంతో ఇంకో చిన్న స్వరాన్ని మీరు సొంతంగా కలిపి పంపుతారు. ఇంజనీరు లెక్కలో అది దోషం. సంగీతం లెక్కలో అది పై షడ్జం, అందుకే చెవికి కమ్మగా ఉంటుంది. కలిపేది పాత వాల్వు ఒక్కటే అనుకున్నాను. కొత్తదీ కలుపుతుంది, అంతా సర్క్యూట్‌ని బట్టి.

సప్తగిరి ఎక్కి చెన్నై పోయి, ఒక కొట్లో 8,500 రూపాయలు పోసి, 1960ల నాటి బ్లాక్‌బర్న్ సరుకని చెప్తే కొనుక్కొచ్చాను. ఒళ్ళో పెట్టుకుని వచ్చాను, పసిబిడ్డని తెచ్చినట్టు.

మా వీధిలో మైక్ సెట్టు తాత ఉన్నాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకి నలభై ఏళ్ళు హారన్లు కట్టిన మనిషి. చూపిస్తే కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, భూతద్దం పెట్టి గాజు అడుగున వెతికాడు. అసలుదైతే అక్కడ గాజులోకి దిగిన సన్నటి కోడ్ ఉంటుందట, బ్లాక్‌బర్న్‌దైతే అందులో ‘బి’ కనిపిస్తుందట. ఏమీ లేదు. పైన ముల్లార్డ్ అన్న అక్షరాలు మాత్రం తళతళలాడుతున్నాయి.

“సామీ, ఈ అక్షరాలు మీ అబ్బోడికంటే చిన్నవి” అన్నాడు.

తర్వాత దాన్ని ఆంప్లిఫయర్‌లో మొదటి సాకెట్‌లో పెట్టించి, పెన్సిల్‌తో గాజు మీద మెల్లగా తట్టాడు. స్పీకరు లోంచి ‘టంగ్’ అని గుడిగంట మోగింది. మీ లోపలి గ్రిడ్ అనే సన్నటి తీగచుట్ట వదులైతే ఇంతేనట, తట్టినా పాటే, అడుగు వేసినా పాటే. మీరు అందిన సిగ్నల్‌ని నూరు రెట్లదాకా పెంచగలరు. మొదటి సాకెట్‌లో మీరు చేసే రొదని వెనకున్నవాళ్ళంతా మోసి పెంచుతారు. అందుకే డబ్బు పెట్టేదేదో అక్కడే పెట్టాలి, వెనక ఏది పెట్టినా పెద్దగా తేడా తెలీదు అన్నాడు. మీ గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నేను ఎక్కడా వినలేదు. (పనంతా అయ్యేదాకా నన్ను ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టనివ్వలేదు. స్విచ్ తీసేసినా, కరెంటు నిలవ చేసే కెపాసిటర్లలో మూడొందల వోల్టులు పొంచి ఉంటాయట.)

అప్పుడు తాత ఒక రేకు బిస్కెట్ డబ్బా తెచ్చాడు. పాత గుడ్డముక్కలో చుట్టిన వాల్వు తీశాడు. బెల్, అంటే భారత్ ఎలక్ట్రానిక్స్, మన బెంగళూరు సరుకు. నెత్తిన వెండి పూత అద్దంలా ఉంది. అది తెల్లబడితే గాలి దూరి ప్రాణం పోయినట్టట.

“ఎంత తాతా?”

“డబ్బులెందుకు సామీ. జాతరలో అరిచీ అరిచీ అలిసిపోయి ఉండాది. నీ ఇంట్లో రవంత మెల్లగా పాడుకోనీ.”

వాల్వు గారూ, అది వచ్చాక ఇంట్లో గుర్ర్ అనే చప్పుడు లేదు, టంగ్ లేదు. వెచ్చగా ఉందా అంటే చెప్పలేను. తిరుపతిలో మే నెల, అన్నీ వెచ్చగానే ఉన్నాయి. ఒక్కటే టెన్షన్. జాతర దగ్గరికొచ్చింది, పాత ఆంప్లిఫయర్ మొరాయిస్తే తాత దాన్ని తిరిగి అడుగుతాడు. ఆ వారం పాటలు బంద్. లేదా మా ఆవిడ చెప్పిన జేజే కొనాలి, కొన్నట్టు తనకి తెలియకుండా.

ఇట్లు
మీ భక్తుడు

తా.క.: ఆ 8,500 వాల్వు వెనక సాకెట్‌లో పడి ఉంది, బాగానే ఉంది. దాని ముల్లార్డ్ పెట్టెకి మాత్రం గిరాకీ వచ్చింది. ఖాళీ పెట్టె ఇస్తే 500 ఇస్తానని ఒకాయన ఫోన్ చేశాడు. అందులో ఏం పెడతాడో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.