సవరణ: టీవీల జీఎస్టీ గురించి

‘2025 సెప్టెంబర్ 22 నుంచి అన్ని టీవీల మీదా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఏ టీవీ కొన్నా పది శాతం మిగులుతుంది’ అని పోయిన వారం రాశాను. అందులో రెండు తప్పులున్నాయి. ప్రభుత్వం ప్రకటించిన రేట్లు సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటే.

ఆ రోజు తగ్గింది 32 అంగుళాలు దాటిన టీవీలకే. 32, అంతకన్నా చిన్నవాటికి 2019 జనవరి నుంచే 18 శాతం ఉంది. నా పోస్టు నమ్మి మా వీధి అక్క ఒకావిడ తిలక్ రోడ్డులో 32 అంగుళాల టీవీకి పన్ను తగ్గించి ఇమ్మని షాపతన్ని గట్టిగా అడిగారట. దానికి పన్ను తగ్గలేదని అతను చెప్పిందే నిజం. నా వల్ల ఆవిడ మాట పడాల్సి వచ్చింది, అదే నాకు బాధ.

ఇక పది శాతం లెక్క. పన్ను లేకుండా 40,000 ఉన్న 43 అంగుళాల టీవీ అనుకోండి. 28 శాతంతో 51,200 అయ్యేది, 18 శాతంతో 47,200 అవుతుంది. మిగిలేది 4,000. అంటే మనం కట్టే పాత ధరలో ఎనిమిది శాతం కూడా కాదు. పండగ ఆఫర్ అని షాపువాళ్లు తగ్గించేది దీనికి వేరు, రెండూ విడివిడిగా అడగండి.

పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి.