ఏసీ బారు చీకటి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చీకటి గారికి,

కర్నూలు నుంచి నమస్కారాలు. తమరు కొలువుండే బారు పేరు ఇక్కడ రాయను. జిల్లాలో నాలుగైదు బ్రాంచీలున్న సంస్థ అని మాత్రం చెబుతాను. ఈమధ్య బోర్డు మీద ‘బార్’ చెరిపి ‘పబ్’ అని పెట్టారు. సోఫాల రంగు మారింది, బీరు రేటు మారింది, తమరు మాత్రం మారలేదు. అందుకే ఓనరుకు కాకుండా నేరుగా తమరికే రాస్తున్నాను. అక్కడ పెత్తనమంతా తమరిదే కదా.

ముందు తమరి గొప్పతనం చెప్పుకోవాలి. ఒక బ్రాంచిలో చికెన్ 65 కరకరలాడుతుంది, ఇంకోదాంట్లో నూనె ఓడుతుంటుంది. ఒకచోట పల్లీల మీద ఉల్లిపాయ తరిగి నిమ్మకాయ పిండుతారు, ఇంకోచోట ఉప్పు చల్లడానికి కూడా చెయ్యి రాదు. ఏసీ సంగతి దేవుడికే తెలియాలి. ఏ బ్రాంచికి వెళ్లినా తేడా లేకుండా దొరికేది తమరొక్కరే. మే నెల మధ్యాహ్నం బయట రాజ్‌విహార్ సెంటర్లో తారు మెత్తబడుతుంటే లోపల అమావాస్య. ఏ వంటవాడికీ చేతకాని నిలకడ తమరిది.

ఇక తమరి సేవలు. సీసా బీరు సాధారణంగా తయారైన ఆరు నెలల్లోపు తాగేయాలి. తేదీ సీసా మీద అచ్చేసి ఉంటుంది. తమరి సమక్షంలో అది కనిపించదు. పోనీ అని ఫోన్ లైటు వేస్తే, ఎక్సైజు వాళ్లు దాడికొచ్చినట్టు పక్క టేబుళ్లన్నీ తలలు దించుకుంటాయి. ‘ఆర్పన్నా, సార్లు ఇబ్బంది పడతాండారు’ అని బేరర్ చెవిలో చెబుతాడు. బిల్లు కూడా అంతే. మద్యం జీఎస్టీలోకి రాదు, తిండికి మాత్రం 5 శాతం పడుతుంది. కాబట్టి బిల్లులో రెండు లెక్కలుంటాయి. ఆ రెండింటి మధ్యలో మనం తెప్పించుకోని మసాలా అప్పడం ఎక్కడైనా ఇరుక్కుందేమో చూసుకోవాలన్నా చూపు ఆనదు. ఎంతయ్యిందని అడిగి అంత ఇచ్చి రావడమే. తమరు ఉండగా దబాయించే కస్టమరు పుట్టడు.

బీరుకు వెలుతురు పడదని తమరు వాదించవచ్చు. శాస్త్రం ప్రకారం అది నిజమే. బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే పూల పదార్థాలు వెలుతురు తగిలితే విరిగిపోయి ముక్కు మూసుకునే వాసన వస్తుంది. ఆ బాధ లేకుండా ఉండాలనే కంపెనీలు గోధుమరంగు సీసాల్లో పోస్తున్నాయి. సీసాకు ఆ గాజు చాలు. గ్లాసులోకి వంపి పది నిమిషాల్లో తాగే మనిషికి గుహ ఎందుకు? నురగ ఎంత లేచిందో, రంగు ఎలా ఉందో, బుడగలు ఎలా పైకి పోతున్నాయో చూడటం కూడా బీరులో భాగమే. బెంగళూరులో ఆ వేడుకకే వందలు పోస్తారు. కర్నూలులో అదే బీరును గుడ్డివాడి చేతికిచ్చినట్టు ఇస్తారు. పైగా నాలుక మొద్దుబారేంత చల్లగా. కనబడదు, రుచి తెలియదు. ఇక మిగిలింది ఎక్కడమే.

అయితే తమరిని ఇక్కడ కూర్చోబెట్టింది బీరు కోసం కాదని నాకు తెలుసు. మా కోసం. ఎడమ పక్క టేబుల్లో ఆఫీసు సూపరింటెండెంటు, కుడి పక్క అదే ఆఫీసు జూనియర్ అసిస్టెంటు. మధ్యలో తమరు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. మరుసటి రోజు పొద్దున ‘నిన్న ఊళ్లో లేను’ అని ఇద్దరూ చెప్పుకుంటారు. తమరు లేకపోతే ఆ ఆఫీసులో ఫైళ్లు కదలవేమో కూడా.

వింత ఏమిటంటే ఈ ఊరికి మందు గురించి సిగ్గుపడే చరిత్ర లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యింది. గుడారాల్లో ఆఫీసులు నడిచాయి. ఏడాది తిరిగిందో లేదో, మద్య నిషేధం ఉంచాలా ఎత్తేయాలా అన్న గొడవ మీద 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వమే పడిపోయింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో. నిషేధం ఎత్తేయమన్న రామమూర్తి కమిటీ సిఫార్సును పక్కన పెట్టారని అవిశ్వాస తీర్మానం తెచ్చారు. అంటే మన పెద్దలు సీసా సంగతి నిండు సభలో, లెక్కపెట్టి మరీ తేల్చుకున్నారు. ఆ తర్వాత 1993లో సారా నిషేధించిన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి కూడా ఈ జిల్లా మనిషే. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. ఇవన్నీ పట్టపగలు, పేపర్లలో పెద్దక్షరాలతో జరిగాయి. తాగడం ఒక్కటే తమరి చేతికొచ్చింది.

2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపిన రోజులు తమరికి గుర్తుండే ఉంటాయి. అలవాటైన బ్రాండ్లు మాయమై, ఎప్పుడూ వినని పేర్లు అల్మారాలెక్కాయి. తుంగభద్ర దాటితే తెలంగాణ. వంతెన అవతల అలంపూర్ చౌరస్తా వైపు ఎంతమందికి హఠాత్తుగా పనులు పడ్డాయో! తిరుగు ప్రయాణంలో పంచలింగాల చెక్‌పోస్టు. డిక్కీ తెరవమంటే జోగులాంబ దర్శనానికి పోయొస్తున్నామని చెప్పే భక్తులు. అమ్మవారికి ఆ రోజుల్లో పెరిగినంత భక్తి మళ్లీ కనబడలేదు.

ఆ కాలంలోనే తమరి పరువు పోయిన రోజు కూడా ఒకటుంది. 2020 మే 4. లాక్‌డౌన్ మధ్యలో షాపులు తెరిచారు. రేటు 25 శాతం పెంచి, మరుసటి రోజే ఇంకో 50 శాతం పెంచారు. అయినా నెత్తి మాడే ఎండలో, సున్నంతో గీసిన గుండ్రాల్లో, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు మన వాళ్లు. అన్నేళ్లు తమరి చాటున దాక్కున్న పెద్దమనుషులే. కెమెరాలు వచ్చినా కదల్లేదు. మాస్కు ఉందన్న ధైర్యం కొంత కావచ్చు. కానీ ఎవరి కొంపా మునగలేదు, ఎవరి సంబంధాలూ తప్పిపోలేదు. తమరు లేకుండా కూడా ఈ ఊరు తాగగలదని ఆ రోజు తేలిపోయింది. ఈ ముక్క తమరు ఎవరికీ చెప్పి ఉండరు.

తమరి మీద నాకున్న అసలు కోపం మేడ మీది సంగతి. ఆ బిల్డింగులో కింద తమరు, పైన ‘ఫ్యామిలీ రెస్టారెంట్’. వంటగది ఒకటే, కోడి ఒకటే, పైన మాత్రం ట్యూబులైట్లు పట్టపగలు కూడా వెలుగుతుంటాయి. ఆదివారం పెళ్లాం పిల్లలతో పైకి పోతాం. శనివారం రాత్రి కింద నాకు సోడా కొట్టి ఇచ్చిన కుర్రాడే అక్కడ మెనూ పట్టుకుని వస్తాడు. నన్ను చూస్తాడు. గుర్తుపడతాడు. గుర్తుపట్టనట్టు ‘కొత్తగా వచ్చినారా సార్, మా దగ్గర చికెన్ 65 బాగుంటాది’ అంటాడు. ఎంత నటన! వాడికి టిప్పు ఎక్కువ ఇస్తే మా ఆవిడకు అనుమానం, ఇవ్వకపోతే నాకు భయం. ‘కింద ఏముంది నాన్నా?’ అని చిన్నది అడిగితే ‘కరెంటు పోయిందమ్మా’ అన్నాను. అబద్ధం పూర్తిగా కాదు.

పైగా ఇప్పుడు పబ్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పబ్ అంటే నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు అని విన్నాను. ఎదుటివాడి ముఖం కనబడాలి, వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియాలి. ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చుంటే వాళ్లను వింతగా చూడకూడదు. తమరి రాజ్యంలో మెట్లు దిగే ధైర్యం ఆడమనిషికి ఎలా వస్తుంది? గోడలకు కర్టెన్లు, కిటికీ స్థానంలో ఫ్లెక్సీ జలపాతం, శబ్దం లేని టీవీలో ఎప్పటిదో మ్యాచ్. దీన్ని వాతావరణం అంటున్నారు ఇన్‌స్టాగ్రామ్‌లో.

మొత్తంగా వెళ్లిపొమ్మని అడగను. తమరి మీద బతికే కాపురాలు ఊళ్లో చాలా ఉన్నాయి. మూల కేబిన్లు తమరే ఉంచుకోండి. రోడ్డు వైపు నాలుగు టేబుళ్లు మాత్రం వదలండి. ఆ ఫ్లెక్సీ వెనక నిజం కిటికీ ఉందని బేరర్లే చెబుతున్నారు. అది తీస్తే సాయంత్రం పూట కొండారెడ్డి బురుజు వైపు గాలి వస్తుంది. టేబులుకొక బల్బు, సీసా మీద తేదీ చదివేంత వెలుగు, చేతులు కడుక్కునే చోట ఇంకాస్త ఎక్కువ. అక్కడ సబ్బు అనుకుని ఏం రుద్దుకుంటున్నామో మాకు ఇంతవరకూ తెలియదు. మొదటి రోజే ఆ నాలుగు టేబుళ్లలో ఒకటి నాకు రిజర్వు చేయించగలరు.

ఇట్లు,
మూడో నంబరు టేబుల్.
(పేరు రాయడం లేదు. మా సూపరింటెండెంటు గారు కూడా ఇలాంటివి చదువుతుంటారు.)