అమరావతి ఒక జిల్లాలో, రాజధాని మరో జిల్లాలో

రాజధానికి పేరిచ్చిన అమరావతి ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. రాజధాని కడుతున్న తుళ్లూరు, మంగళగిరి మండలాలు గుంటూరు జిల్లాలో ఉండిపోయాయి. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లాను గుంటూరు, పల్నాడు, బాపట్ల అని మూడు ముక్కలు చేసినప్పుడు లోక్‌సభ నియోజకవర్గాన్ని కొలతగా పెట్టుకున్నారు. అమరావతి పెదకూరపాడు అసెంబ్లీ సీటులో, ఆ సీటేమో నరసరావుపేట లోక్‌సభ పరిధిలో ఉన్నాయి. అందుకే అలా జరిగింది.

ఇక్కడ గీతలు మారడం కొత్తేమీ కాదు. 1788లో గుంటూరు సర్కారు, అంటే అప్పటి పాలనా విభాగం, నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కింది. 1859లో గుంటూరు జిల్లానే రద్దు చేసి మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో కలిపారు. మాచర్ల వైపు రైతుకు కలెక్టరు కచేరీ ఎంత దూరమో ఊహించుకోండి! మళ్లీ సొంత జిల్లా రావడానికి 1904 దాకా ఆగాల్సి వచ్చింది. 1970లో ఒంగోలు వైపు భాగం ప్రకాశం జిల్లాకు పోయింది.

2022 విభజనతో జిల్లా కేంద్రాలు జనానికి దగ్గరయ్యాయి, అది మంచిదే. నా బాధంతా నీళ్ల గురించి. కొండవీటి వాగునే చూడండి. కొండవీడు కొండల్లో, అంటే పల్నాడు జిల్లాలో పుట్టి, రాజధాని గ్రామాల మధ్య నుంచి వచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉంటే వాగు నీరు నదిలోకి దిగదు, వెనక్కి తన్ని పొలాలను ముంచుతుంది. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం పెట్టి ఆ నీటిని మోటార్లతో నదిలోకి తోడుతున్నారు. పైన కురిసే వాన ఒక కలెక్టరు పరిధిలో, కింద మునిగే పొలం మరో కలెక్టరు పరిధిలో ఉన్నాయన్నమాట.

కృష్ణా పశ్చిమ డెల్టాదీ ఇదే కథ. కాలువ సీతానగరం దగ్గర, గుంటూరు జిల్లాలో మొదలవుతుంది. చివరి భూములున్న రేపల్లె వైపు బాపట్ల జిల్లా. నీళ్లందక నారుమడి ఎండుతుంటే చివరి రైతు తన కలెక్టరుకు అర్జీ ఇస్తాడు, తూము ఉన్నదేమో పక్క జిల్లాలో.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. ఇంకోసారి అంత వరద వస్తే టెన్షన్ పడేది రాజధాని ఒక్కటే కాదు, రేపల్లె లంకలు కూడా. జిల్లాల గీతలు ఇప్పుడు మళ్లీ చెరపనక్కర్లేదు. కృష్ణ మీదున్న పులిచింతల ప్రాజెక్టు నుంచి సముద్రం దాకా వానాకాలం నాలుగు నెలలూ వరద, కాలువ నీళ్లు చూసే అధికారం ఒకే అధికారికి ఇవ్వాలి. ఆ ఉత్తర్వు తొలకరికి ముందే రావాలి.