కాగితం పూల చెట్టుగారికి బాల్కనీ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ కాగితం పూల చెట్టుగారికి,

రెండో అంతస్తు బాల్కనీవాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని ఆకులు చూస్తేనే తెలుస్తోంది. నా గొడవంతా ఆ ఆకుల గురించే.

కడియపులంక నర్సరీలో తమరిని చూసినప్పుడు ఒంటి నిండా పూలే. ఆకు కనపడితే ఒట్టు. కారు వెనక సీట్లో మావాణ్ణి పక్కకు జరిపి మరీ కూర్చోబెట్టాం. దారంతా ముళ్ళతో వాడి చెయ్యి గీరారు, భరించాం. ఇంటికొచ్చాక పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. బియ్యం కడిగిన నీళ్ళు, వర్మీకంపోస్టు, అది చాలదని గుప్పెడు యూరియా. తమరేమో గోంగూర మడిలా ఏపుగా పెరిగారు. ఏడాదైంది, పువ్వు లేదు.

మొన్న విజయవాడ వెళ్తుంటే హైవే డివైడర్ మీద మీవాళ్ళు కనిపించారు. లారీల పొగ, రాళ్ళ మట్టి, మే నెల ఎండ, ట్యాంకరు వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. అయినా విరగబూసి ఊగుతున్నారు! కడుపు మండిపోయింది.

ఆ మాటకొస్తే అవి పూలు కూడా కావట, రంగేసుకున్న ఆకులట. ఒకటి తుంచి చూశాను. టిష్యూ కాగితంలాంటి మూడు రేకల మధ్య అగ్గిపుల్ల తలంత తెల్లటి పువ్వులు. అసలు సరుకు అదీ! 1767లో ఓడ యాత్ర మీద బ్రెజిల్ వచ్చిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కొమర్సాన్ కంటబడి, ఆ యాత్ర నాయకుడు బోగన్‌విల్ పేరు తగిలించుకుని బోగన్‌విలియా అయ్యారు. ఆ యాత్రలో కొమర్సాన్‌కి మొక్కలు ఏరిపెట్టిన జాన్ బారే మగవేషంలో ఉన్న ఆడమనిషి. మారువేషాల సావాసం తమరికి అప్పటి నుంచే ఉందన్నమాట.

చివరికి నర్సరీ పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ఎండ ఎంతసేపు తగులుద్ది బాబూ?"

"ఓ గంట."

"నీళ్ళు?"

"రెండు పూటలా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలెట్టాడు. ఐదారు గంటలు నేరుగా ఎండ పడాలట. కుండీ మట్టి బాగా ఆరాకే నీళ్ళట. యూరియా వేస్తే ఆకే వస్తుందట. పూత అయిపోగానే కొమ్మలు కత్తిరించాలట, కొత్త చిగుళ్ళకే మళ్ళీ పూత. తమరికి కావలసింది దాహం, ఎండ, కత్తెర! నేనేమో ఏడాదిగా బియ్యం కడుగు మోస్తున్నాను.

రేపు లిఫ్టులో తమరిని డాబా మీదికి చేరుస్తున్నాను. ఆకులు వేలాడేస్తే తప్ప చెంబు కనపడదు.

ఇట్లు,
యూరియా మానేసిన యజమాని

తా.క.: ఈ ఉత్తరం పక్క కుండీలో మందారానికి చూపించకండి. వేసవిలో దానికి రోజూ నీళ్ళు కావాలి, ఊరికే టెన్షన్ పడుతుంది.