పిల్లల కాళ్లు పట్టి లాగమన్న ఆ మెసేజ్ గురించి

మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మీ అమ్మాయిని కాలిస్తెనిక్స్‌లో చేర్చే ముందు ఇది చదవండి" అని మొదలవుతుంది. కాలిస్తెనిక్స్ అంటే ఇక్కడి పిల్లలు జట్టుగా స్టేజీ మీద పాటకు తగ్గట్టు వ్యాయామం, డాన్స్ కలిపి చేసే పోటీ ఆట. అందులో ఒక్కో విభాగాన్ని ఐటమ్ అంటారు. స్కూలు పేరెంట్స్ గ్రూపులో వచ్చింది, బతుకమ్మ గ్రూపులో వచ్చింది, ఆఖరికి బియ్యం బస్తాల ఆఫర్లు పెట్టే గ్రూపులోనూ వచ్చింది. పంపినవాళ్లలో చాలామంది ఒక్క పోటీకైనా వెళ్లి ఉండరని నా అనుమానం. రాసినాయన పేరు లేదు. "అనుభవం ఉన్న ఒక తండ్రి" అని మాత్రం ఉంది. మా అమ్మాయి ఈ ఆటలో ఉంది కాబట్టి ప్రతివాళ్లూ "ఇది నిజమేనా అక్కా?" అని నాకే పంపుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు. అందరికీ ఇదే జవాబు.

ఒకటో పాయింటు: "ఇది ఆట కాదు, స్టేజీ షో. జడ్జీలు ఇష్టమొచ్చినట్టు మార్కులు వేస్తారు." జిమ్నాస్టిక్స్‌కి, డైవింగ్‌కి మార్కులు వేసేదీ జడ్జీలే. తర్వాతిది చూద్దాం.

రెండోది: "అన్ని ఐటమ్‌లూ ఒకటే. డ్రెస్సు మారుస్తారు, పాట మారుస్తారు, మన దగ్గర మళ్లీ డబ్బు గుంజుతారు." పిండి ఒకటే కాబట్టి ఇడ్లీ, దోసె ఒకటే అన్నట్టుంది. మార్చ్ అనే కవాతు ఐటమ్‌లో వీల్ తిరగడం ఈయన ఎప్పుడైనా చూశారా? వరస మొత్తం ఒక చివర ఇరుసుగా తిరుగుతుంది. లోపలి చివరన ఉన్న పిల్ల దాదాపు నిలబడ్డచోటే చిన్న చిన్న అడుగులు వేస్తుంది. బయటి చివరన ఉన్న పిల్ల అదే లెక్కకు పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. మధ్యలో వరస ఎక్కడా వంగకూడదు.

ఫ్రీ ఎక్సర్‌సైజెస్‌లో చేతిలో ఏమీ ఉండదు. ఒంట్లో బలం ఎంతుందో, నిలకడ ఎంతుందో బయటపడేది అక్కడే. కాళ్లు రెండూ పూర్తిగా చాపి నేలకు ఆనించే స్ప్లిట్‌లోకి దిగినా, వెన్ను వెనక్కి వంచినా, ఒంటికాలి మీద ఆగినా జట్టంతా కలిసి చేయాలి. ఒక పిల్ల అర క్షణం ముందు దిగినా వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు తెలిసిపోతుంది. రాడ్స్‌లో ఒక సన్నటి లోహపు కడ్డీ ఉంటుంది. దాన్ని తల మీదుగా, వీపు వెనక్కి, కాళ్ల కిందుగా తిప్పుతారు. అన్ని కడ్డీలూ ఒకే కోణంలో ఆగాలి. లైట్ల కింద మెరుస్తుంటాయి కాబట్టి ఒకటి కాస్త వాలినా దాచుకోలేరు. ఈస్తటిక్ ఐటమ్‌కి వచ్చేసరికి ఆ బిగువంతా వదిలేయాలి. ఎక్కడ ఆపారో, ఎక్కడ మొదలుపెట్టారో తెలియకుండా కదలికలు సాగిపోవాలి. సాంగ్ అండ్ డాన్స్‌లో డాన్స్ చేస్తూ సొంత గొంతుతో పాడాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా ప్రాక్టీసు చేయాల్సిందే. రెవ్యూలో కథ, పాత్రలు, నటన ఉంటాయి. ఏ వయసు వాళ్లకు ఏవి అన్నది మారుతుంది గానీ, ఒక జట్టు ఒక పోటీలో ఇలాంటివి చాలా చేస్తుంది, ప్రతిదానికీ విడిగా మార్కులు పడతాయి. మార్చ్‌లో మొదటి స్థానం కొట్టిన జట్టు ఈస్తటిక్‌లో కిందికి జారిపోవడం మామూలే. అన్నీ ఒకటే అయితే అలా ఎందుకవుతుందో ఆ తండ్రిగారే చెప్పాలి.

మూడోది వింటే నవ్వొస్తుంది. "క్లబ్బులు తిప్పడం తెల్లవాళ్ల గోల. మన సంస్కృతికి సంబంధం లేదు, ఒలింపిక్స్‌లోనూ లేదు." క్లబ్బులంటే ఇక్కడ చేతుల్లో పట్టుకుని తిప్పే చిన్న గదల్లాంటివి, వాటితోనూ ఒక ఐటమ్ ఉంటుంది. మన తాలింఖానాల్లో పహిల్వాన్లు ముద్గరాలనే బరువైన గదలు తిప్పేవాళ్లు. 19వ శతాబ్దంలో ఇండియాకి వచ్చిన బ్రిటిష్ సైనికాధికారులు అది చూసి, నేర్చుకుని, బరువు తగ్గించి తమ దేశానికి పట్టుకెళ్లారు. అక్కడి నుంచి వ్యాయామశాలలకూ, స్కూళ్లకూ పాకింది. మా అమ్మాయి చేతిలో ఉన్నది ఆ ముద్గరానికి మునిమనవరాలే. ఇక ఒలింపిక్స్ సంగతి. క్లబ్ స్వింగింగ్ 1904లో సెయింట్ లూయీలో, 1932లో లాస్ ఏంజిలెస్‌లో పతకాల పోటీగా జరిగింది. 1932లో బంగారు పతకం గెలిచిన జార్జ్ రాత్‌కి అప్పట్లో ఉద్యోగం లేదు. పతకం జేబులో పెట్టుకుని, దారిన పోయే కార్లను లిఫ్ట్ అడుగుతూ ఇల్లు చేరాడని చెబుతారు. కాలిస్తెనిక్స్ జట్టు పోటీలు ఒలింపిక్స్‌లో లేవన్నది నిజమే. కబడ్డీ కూడా లేదు. దాన్ని మానేద్దామా?

నాలుగో పాయింటు కోసమే నేను ఇదంతా రాయాల్సొచ్చింది. మక్కీకి మక్కీ ఇస్తున్నాను: "ఎనిమిదేళ్లకల్లా స్ప్లిట్ రాకపోతే ఇక రాదు. కాబట్టి రోజూ రాత్రి నువ్వుల నూనె రాసి, అమ్మ ఒక కాలు, నాన్న ఒక కాలు పట్టుకుని పది నిమిషాలు కిందికి నొక్కాలి. కాస్త ఏడుస్తారు, పట్టించుకోకండి. నెలలో వచ్చేస్తుంది."

నెలలో వచ్చేది ఫ్రాక్చర్.

తొడ వెనక కండరం పైకి వెళ్లి, మనం కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముకకు అతుక్కుని ఉంటుంది. ఎదిగే పిల్లల్లో ఆ అతుకు దగ్గర ఇంకా ఎముక గట్టిపడి ఉండదు, ఎదుగుదల తాలూకు మెత్తని భాగం ఉంటుంది. టీనేజీ దాటే దాకా పూర్తిగా అతుక్కోదు. అక్కడ కండరం కన్నా ఆ అతుకే బలహీనం. గట్టిగా లాగితే కండరం తెగదు, ఎముక ముక్కతో సహా ఊడొస్తుంది. జిమ్నాస్టులకూ, డాన్సర్లకూ, ఫుట్‌బాల్ ఆడే పిల్లలకూ జరిగేదే ఇది, డాక్టర్లకు బాగా తెలిసిన గాయం. ఆ తర్వాత స్ప్లిట్ సంగతి దేవుడెరుగు, నెలల తరబడి పరుగు కూడా ఉండదు.

పైగా అందరి తుంటి కీలూ ఒకేలా ఉండదు. గుంట లోతు, ఎముక తిరిగి ఉన్న తీరు పుట్టుకతో వచ్చేవి. కొందరికి కాళ్లు రెండు పక్కలకూ పూర్తిగా చాపి కూర్చోవడం ఎముకే ఒప్పుకోదు. నువ్వుల నూనె కాదు కదా, అమృతం రాసినా ఒప్పుకోదు. వెన్ను వెనక్కి వంచే విషయంలోనూ ఇంతే. పదే పదే బలవంతంగా వంచితే నడుము దగ్గర వెన్నుపూసలో సన్నటి పగులు రావచ్చు. వెనక్కి వంగినప్పుడల్లా నడుము నొప్పి అంటే, అది రోజుల తరబడి పోకపోతే, క్లాసు మానిపించి ఫిజియోకో డాక్టరుకో చూపించండి. ముందు ఒళ్లు వేడెక్కేలా వార్మప్, తర్వాత పిల్లే తన బరువుతో మెల్లగా దిగడం, లాగుతున్నట్టు అనిపించిన చోట ఆగడం. పద్ధతి ఇంతే. పిల్ల మీద పెద్దవాళ్లు చేయి వేసి నొక్కే పనే లేదు. పిల్ల ఏడుస్తోందంటే ఆపమని అర్థం. ఇది కూడా రాసి చెప్పాల్సి వస్తోంది, అదీ చదువుకున్నవాళ్లకు.

అయిదో పాయింటు: ఖర్చు, మేకప్. ఇక్కడ ఆయనతో నాకు పేచీ లేదు. ఫీజులు, కాస్ట్యూమ్‌లు, వాటి మీద ఒక్కొక్కటిగా అంటించే రాళ్లు, పోటీ టికెట్లు అన్నీ కలిస్తే చేతి చమురు బాగానే వదులుతుంది. చేరే ముందు సీజన్ మొత్తానికి ఎంతవుతుందో క్లబ్బును కాగితం మీద రాసిమ్మని అడగండి. పాత కాస్ట్యూమ్‌లు చేతులు మారుతుంటాయి, అవీ అడగండి. ఇక ఏడేళ్ల పిల్లకు అంత మేకప్ ఎందుకు అంటే నా దగ్గరా జవాబు లేదు. స్టేజీ లైట్లలో ముఖం కనపడాలంటారు. కనపడకపోతే ఏమైందని నేనూ అడిగాను, అందరూ నవ్వి ఊరుకున్నారు.

ఆరోది: "కూచిపూడి ఉండగా ఇదెందుకు?" రెండూ చేసే పిల్లలు ఉన్నారు. శనివారం ఒకటి, వారం మధ్యలో ఒకటి.

ఆఖరిది: "మన పిల్లల్ని కావాలని వెనక వరసలో నిలబెడతారు." వివక్ష ఎక్కడా లేదని నేను అనను. అలాంటిది కనబడితే కోచ్‌తో, వినకపోతే క్లబ్బు కమిటీతో మాట్లాడాల్సిందే. కానీ ఏ వరసలో ఉందన్నది ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. పొడుగు పిల్లలు సాధారణంగా వెనకే ఉంటారు, లేకపోతే ముందు వరస తలలే కనిపిస్తాయి. మెల్‌బోర్న్‌కి పడమట ఉన్న బాలరాట్ ఊళ్లో 1891లో మొదలైన రాయల్ సౌత్ స్ట్రీట్ అనే స్టేజీ పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి, చాలా కాలిస్తెనిక్స్ జట్లు అక్కడికి వెళ్లాలనే చూస్తాయి. ఈసారి మీరూ ఒక టికెట్ కొనుక్కుని వెళ్లండి. మార్చ్ ఐటమ్ వచ్చినప్పుడు ముందు వరసను వదిలేసి, వీల్ తిరిగేటప్పుడు బయటి చివరన పెద్ద పెద్ద అంగలు వేస్తున్న పిల్లను చూడండి. ఆ చోటు కోచ్ ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వదు.